టీచర్లపై వేధింపులకు బాధ్యత యాజమాన్యానిదే

సంపాదకుల వారికి నమస్కారం.

ఎండాకాలం వచ్చిందంటే మా ఊళ్లో ప్రైవేటు బడి టీచర్లు పాంప్లెట్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరుగుతారు. పదకొండేళ్లు నేనూ తిరిగాను. మనిషికి ఇన్ని అడ్మిషన్లని లెక్క. తేలేకపోయినవాళ్లను జూన్‌లో స్టాఫ్ మీటింగులో లేపి నిలబెట్టేవారు. ఒక ఏడాది మా తెలుగు మాస్టారిని, అరవైకి దగ్గరపడ్డ మనిషిని, "జీతం తీసుకోడానికి సిగ్గు లేదా?" అన్నాడు కరస్పాండెంటు. ఆ మధ్యాహ్నం ఆయన ఆరో తరగతిలో పాఠం చెప్పలేదు. పిల్లల్ని చదువుకోమని కిటికీ దగ్గరే నిలబడిపోయారు. డిసెంబరులో మానేశారు. ఆఫీసు బీరువాలో ఉన్న ఒరిజినల్ సర్టిఫికెట్లు ఆయన చేతికి రావడానికి ఏప్రిల్ అయింది.

ఇలాంటిది బయటపడితే ఫలానా ప్రిన్సిపాల్ నోరు మంచిది కాదంటారు. లేదంటే ఓ పూట యోగా క్లాసు పెట్టి, ఒత్తిడి తగ్గించుకోమని టీచర్లకే చెబుతారు. టార్గెట్లు పెట్టింది ఎవరు? రాత్రి పదింటికి వాట్సాప్ గ్రూపులో స్లిప్ టెస్ట్ మార్కులు పెట్టి, అందరి ముందూ ఒక్కొక్కరినీ నిలదీసే అలవాటును సాగనిచ్చింది ఎవరు? జీతమిచ్చే యాజమాన్యమే దీనికి జవాబు చెప్పాలి.

లైంగిక వేధింపుల మీద 2013 చట్టం ఉంది. పదిమంది, అంతకుమించి పనిచేసే చోట అంతర్గత కమిటీ ఉండి తీరాలి. తిట్టినా, అవమానించినా చెప్పుకోడానికి అలాంటి చోటు లేదు. అప్పటి పారిశ్రామిక వివాదాల చట్టం ప్రకారం టీచరు 'వర్క్‌మన్' (కార్మికుడు) కాదని సుప్రీంకోర్టు 1988లోనే తీర్పిచ్చింది కాబట్టి లేబర్ కోర్టు దారీ మూసుకుపోయింది. విద్యాహక్కు చట్టం 27వ సెక్షన్ మాత్రం జనగణన, ఎన్నికలు, విపత్తు సహాయం తప్ప చదువుతో సంబంధం లేని పనులకు టీచర్లను పంపకూడదని చెబుతోంది. మే నెల ఎండలో అడ్మిషన్ల కోసం తిప్పడం వీటిలో ఏదీ కాదు.

బడికి గుర్తింపు పొడిగించేటప్పుడే విద్యాశాఖ ఈ సంగతులు అడగాలి. ఆ ఏడాది ఎంతమంది టీచర్లు మానేశారు, ఎవరి సర్టిఫికెట్లయినా ఆఫీసులో ఉన్నాయా, ఫిర్యాదు ఎవరికివ్వాలి అన్నవి రాతపూర్వకంగా తీసుకోవాలి. ఫిర్యాదు వినే కమిటీలో కరస్పాండెంటు బంధువులు ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, తనిఖీకి వచ్చిన అధికారి యాజమాన్యం లేనిచోట టీచర్లతో మాట్లాడాలి. నా పదకొండేళ్లలో అది ఒక్కసారీ జరగలేదు.

ఇట్లు,
ఒక ప్రైవేటు ఉపాధ్యాయురాలు,
ఖమ్మం