శనగపచ్చ పురుగు పేరు ఎందుకు మారింది

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరం చేరింది. మీ నాన్నగారి పాత వ్యవసాయ పుస్తకాల్లో హీలియోతిస్ ఆర్మిజెరాగా ఉన్న శనగపచ్చ పురుగు ఇప్పటి కరపత్రాల్లో హెలికోవర్పా ఆర్మిజెరా ఎలా అయిందని, శాస్త్రజ్ఞులకు వేరే పనేమీ లేదా అని అడిగావు. పని ఉండబట్టే మార్చారు. కాస్త ఓపిగ్గా చదువు.

నాక్టుయిడే అనే రెక్కల పురుగుల పెద్ద కుటుంబంలో హీలియోతినే ఒక ఉపకుటుంబం. ప్రపంచం మొత్తం మీద ఇందులో సుమారు 365 జాతులున్నాయి. వాటిలో పంటలను పాడుచేసేవి కొద్దే అయినా, ఆ కొద్దిపాటి పురుగుల వల్ల అన్నింటికీ చెడ్డపేరు వచ్చింది. ఉత్తర అమెరికాలోని షీనియా ప్రజాతిలో (ప్రజాతి అంటే శాస్త్రీయ నామంలో మొదటి మాట సూచించే గుంపు) వందకు పైగా జాతులున్నాయి. వాటిలో చాలావరకు ఏదో ఒక మొక్క పువ్వులనూ గింజలనూ తిని బతికేవే తప్ప రైతు జోలికి వచ్చేవి కావు.

వీటిని ఎక్కడ చేర్చాలన్నది మొదటి చిక్కు. బ్రిటిష్ మ్యూజియం కోసం జార్జ్ హాంప్సన్ 1903లో ప్రచురించిన పట్టికలో, కాళ్ల మీది ముళ్లను ప్రమాణంగా తీసుకుని వీటిని అగ్రోటినేలో, మొక్కల మొదళ్లు కొరికే పురుగుల సరసన కూర్చోబెట్టాడు. నన్నడిగితే ముళ్ల కంటే లద్దె పురుగు, అంటే రెక్కలు రాకముందరి దశ, ఒంటి మీది వెంట్రుకలే నమ్మదగిన సాక్ష్యం. తల వెనుక మొదటి ఖండంలో, శ్వాసరంధ్రానికి ముందు రెండు వెంట్రుకలుంటాయి. హీలియోతినే పురుగుల్లో అవి అడ్డంగా ఒకే వరుసలో ఉంటాయి. భూతద్దం కింద చూస్తే చర్మం కూడా నున్నగా ఉండదు, సన్నని ముళ్లతో గరుకుగా కనిపిస్తుంది.

ఇక నీ ప్రశ్నకు వస్తాను. కెనడా శాస్త్రజ్ఞుడు డేవిడ్ హార్డ్‌విక్ 1965లో మొక్కజొన్న కండె పురుగునూ, మన శనగపచ్చ పురుగుతో సహా దాని దగ్గరి బంధువులనూ హీలియోతిస్ నుంచి విడదీసి హెలికోవర్పా అనే కొత్త ప్రజాతిని ఏర్పరిచాడు. రెక్కలు చూసి చేసిన పని కాదది. పొట్ట చివరి భాగాన్ని కాస్టిక్ పొటాష్‌లో నానబెట్టి, మెత్తబడ్డాక జననాంగాలను విడదీస్తే, మగ పురుగులో బయటికి తిరగబడే పల్చని సంచి అనేక మెలికలు తిరిగి కనిపిస్తుంది. ఆడ పురుగులో దానికి తగ్గట్టే పొడవైన, చుట్టలు తిరిగిన తిత్తి ఉంటుంది. అయినా పాత అలవాటు అంత త్వరగా పోలేదు. 1981 నవంబరులో పటాన్‌చెరులోని ఇక్రిశాట్‌లో జరిగిన అంతర్జాతీయ సదస్సు కూడా హీలియోతిస్ పేరుతోనే జరిగింది కాబట్టి, మీ నాన్నగారి పుస్తకాలను తప్పుపట్టలేం. తర్వాత 2008లో వెలువడిన జన్యు పరిశీలన కూడా హార్డ్‌విక్ పక్షానే నిలిచింది. అమెరికాలో పొగాకు మొగ్గలు తినే వైరెసెన్స్ జాతికీ ఇదే జరిగింది: 2013లో దాన్ని హీలియోతిస్ నుంచి తప్పించి, 1841 నాటి క్లోరిడియా ప్రజాతిని పునరుద్ధరించి అందులో చేర్చారు.

వర్గీకరణ పుస్తకాలకే పరిమితమనుకోకు. హెలికోవర్పాలోనే అసల్టా అని మరో జాతి ఉంది. ఆర్మిజెరా కంది, శనగ, పత్తి, టమాటా అని చూడకుండా అన్నీ తింటుంది. అసల్టా మాత్రం పొగాకు, మిరప వంటి వంగ కుటుంబపు మొక్కలను దాటదు. రెండింటి ఆడ పురుగులూ మగవాటిని పిలవడానికి ప్రధానంగా అవే రెండు రసాయనాలను వాడతాయి, కాని పాళ్లు దాదాపు తారుమారు: ఆర్మిజెరాలో 97కి 3గా ఉన్నది అసల్టాలో ఇంచుమించు 5కి 95. అందుకే లింగాకర్షక బుట్టలో పెట్టే ఎర ఏ జాతికోసం చేశారో తెలియకుండా, బుట్ట ఖాళీగా ఉంది కనుక చేనులో పురుగు లేదని తీర్మానించడం ప్రమాదం.

మీ వైపు పొగాకు కాయలు తొలిచే లద్దె పురుగులు దొరికితే నాలుగైదు పంపించు. వాటిని ముందు వేడినీళ్లలో వేసి, ఆ తర్వాతే స్పిరిట్ సీసాలోకి మార్చు. నేరుగా స్పిరిట్‌లో వేస్తే నల్లబడి వెంట్రుకల వరుస సరిగా కనిపించదు. ఏ మొక్క మీద, ఏ తేదీన పట్టావో పెన్సిలుతో రాసి ఆ చీటీని సీసా లోపలే వెయ్యి.

నీ
శ్రీధర్