మండువా లోగిళ్లను కాపాడుకోవాలి

సంపాదకులకు నమస్కారం.

ఖతార్ రాజధాని దోహాలో ఉద్యోగం చేస్తున్న మా అబ్బాయి దగ్గర చలికాలంలో నెల రోజులుండి ఇటీవలే ఊరికి తిరిగివచ్చాను. సముద్రం ఒడ్డున వరుసగా లేచిన అద్దాల మేడలు చూసి ఆశ్చర్యపోయిన మాట నిజమే గానీ, నా మనసులో నిలిచినవి వేరు.

ఖతార్ జాతీయ మ్యూజియాన్ని 2019లో ప్రారంభించారు. ఫ్రాన్సుకు చెందిన వాస్తుశిల్పి జాన్ నువెల్ దానిని ఎడారి ఇసుకలో దొరికే గులాబీ ఆకారపు స్ఫటికంలా, పెద్ద పెద్ద పళ్లేలను అడ్డదిడ్డంగా ఒకదానిలో ఒకటి గుచ్చినట్టు రూపొందించారు. అంత కొత్త కట్టడం కూడా ఒకప్పటి ఖతార్ పాలకుడు షేక్ అబ్దుల్లా బిన్ జాసిమ్ కాలం నాటి పాత ప్యాలెస్‌ను పడగొట్టకుండా, దాని చుట్టూ తిరిగి నిలబడింది. చమురుకు ముందు ముత్యాల వేటే ఆ నేలకు జీవనాధారమనీ, 1930ల నాటికి జపాను సాగుముత్యాలు ఆ బతుకును దెబ్బతీశాయనీ తెలిశాక, ఆ పాత గోడలపై నాకు గౌరవం మరింత పెరిగింది. సూక్ వాకిఫ్ అనే పాత బజారులో, తోలు టోపీలతో కళ్లు కప్పిన డేగలను అమ్మే కొట్ల దగ్గర నిలబడి తలెత్తి చూస్తే, కప్పుకు దుంగలు, వాటిపై వెదురు కనిపించాయి. మా తాతగారి మండువా లోగిలి, అంటే నడుమ ఆకాశానికి తెరిచి ఉంచిన చోటు చుట్టూ కట్టిన పెంకుటిల్లు, గుర్తుకొచ్చింది.

ఆ ఇంటిని నిరుడు వేసవిలో పడగొట్టాం. నాలుగు వైపుల పెంకుల మీంచి జారే వాననీటికి మా నాయనమ్మ గంగాళాలు పెట్టే మండువా చోట ఇప్పుడు డాబా మెట్లున్నాయి. టేకు స్తంభాలనూ, ఇత్తడి పువ్వుల సింహద్వారాన్నీ పాత కలప కొనేవారు లారీకెత్తుకుపోయారు. కోనసీమలో చాలా లోగిళ్లు ఇలాగే, తరచుగా గల్ఫ్ నుంచి వచ్చిన సొమ్ముతోనే, డాబాలవుతున్నాయి. కష్టపడి డబ్బు పంపేవారిని నేను తప్పుపట్టను. కోతులు పెంకులు పీకేస్తుంటే, మళ్లీ నేసే పనివాళ్లు దొరకకపోతే, వాటాల తగాదా తెగకపోతే ఎవరైనా ఏం చేస్తారు?

అందుకే పురావస్తు, పర్యాటక శాఖలు గోదావరి డెల్టాలో మిగిలిన మండువా లోగిళ్ల జాబితా తయారుచేసి, ఉంచుకోదలచిన యజమానులకు మరమ్మతు ఖర్చులో కొంతైనా భరించాలనీ, పెంకు నేసే పనిని యువకులకు నేర్పించాలనీ మీ పత్రిక ద్వారా కోరుతున్నాను. మా వీధిలో ఇంకా రెండు లోగిళ్లున్నాయి. వాటిలో ఒకదాని కలపకు ఇప్పటికే బేరం నడుస్తోంది.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, అంబాజీపేట