కలెక్టర్ గారూ, ఆ బడి గోడ మాకివ్వండి

నెల్లూరు జిల్లా కలెక్టర్ గారికి నమస్కారం.

నేను షార్ట్ ఫిల్ములు తీస్తాను. ఆదివారాలు స్నేహితులతో కలిసి కలిగిరి వైపు ఊళ్లలో అవ్వలకు పింఛను కాగితాలు రాసిపెడతాం. అలా కూర్చున్నప్పుడే సారా ఉద్యమం కబుర్లు బయటపడ్డాయి. వాటి మీద ఓ చిన్న సినిమా తీసి ఆ ఊళ్లలోనే చూపిస్తున్నాం.

రాత్రిబడిలో చదివిన పాఠం మీద మాటా మాటా కలిసి దూబగుంట ఆడవాళ్లు సారా అంగడి మూయించడం, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం రావడం అందరికీ తెలిసిందే. కానీ మా సినిమాలో కారప్పొడి చల్లే సీను చూస్తూ ఒక అవ్వ మధ్యలో ఆపించింది. "కారప్పొడి అట్టా చల్లితే కళ్లల్లో పడుద్దా నాయనా? ఇట్టా కొంగులో మూటగట్టుకుని పోయాం" అని చేసి చూపించింది. ఆ సీను మళ్లీ తీశాం.

దుప్పటి తెర మీద గాలికి మొహాలు వంకర్లు పోతున్నాయి. అందుకే సినిమా వేసుకోడానికి బడి గోడ కోసం ఓ ఆఫీసు చుట్టూ మూడు నెలలు తిరిగాం. "బడిలో సినిమాలేంటి?" అన్నారు. (ఇరవై నిమిషాల సినిమా, టికెట్ కూడా లేదు!)

శనివారం సాయంత్రాలు బడి ఆవరణ వాడుకోనివ్వమని ఒక్క ఉత్తర్వు ఇప్పించండి. అవ్వల మాటల రికార్డింగులు జిల్లా గ్రంథాలయానికి ఉచితంగా ఇస్తాం. పోయిన సంక్రాంతికి మాట్లాడినవాళ్లలో ఇద్దరు ఇప్పుడు లేరు. టైము ఆరింటికైతే మేలు, కారప్పొడి అవ్వకు ఎనిమిదికల్లా నిద్రొస్తుంది.

ఇట్లు,
మీ జిల్లా కుర్రాడు