అమెరికాలో 1937 మాంద్యం గురించి కూడా రాయండి

సంపాదకుడు గారికి నమస్కారం.

మాంద్యం వస్తే ప్రభుత్వం వేలు పెట్టకూడదు, మార్కెట్ తనంతట తానే సర్దుకుంటుంది అని వాదించేవాళ్లను చూస్తే బాధేస్తుంది. అమెరికాలో 1930 నుంచి బ్యాంకులు వేల సంఖ్యలో మునిగిపోతుంటే అక్కడి కేంద్ర బ్యాంకు చాలావరకు చూస్తూ ఊరుకుంది. 1933 నాటికి పనిచేయగల ప్రతి నలుగురిలో ఒకరికి పని లేదు. సర్దుకోవడం అంటే ఇదేనా?

నేను రిటైరైన బ్యాంకు ఉద్యోగిని. డిపాజిటర్లంతా ఒకేరోజు వచ్చి డబ్బు అడిగితే ఎంత మంచి బ్యాంకైనా నిలబడలేదు, ఎందుకంటే ఆ డబ్బు అప్పులుగా బయట ఉంటుంది, రాత్రికి రాత్రి వెనక్కి రాదు. 1933 మార్చిలో రూజ్‌వెల్ట్ అధ్యక్షుడైన రెండు రోజులకే దేశంలోని బ్యాంకులన్నీ మూయించి, బాగున్నవాటిని వారం తర్వాత తెరిపించాడు. తీసుకెళ్లిన డబ్బు జనమే తెచ్చి మళ్లీ కట్టారు! డిపాజిట్లకు బీమా కూడా అప్పుడే వచ్చింది. మన దగ్గర అది రావడానికి 1960లో కేరళలో పాలై సెంట్రల్ బ్యాంకు కూలాల్సి వచ్చింది.

రూజ్‌వెల్ట్ చేసినవన్నీ మంచివని నేను అనను. జనం ఆకలితో ఉంటే ధరలు పెంచడానికి లక్షల పందిపిల్లలను చంపించడం, కంపెనీలు కూడబలుక్కుని రేట్లు పెట్టుకోనివ్వడం తప్పే.

కానీ అసలు పాఠం 1937లో ఉంది. నాలుగేళ్లు ఉత్పత్తి పెరిగేసరికి గండం గట్టెక్కిందనుకుని, నిరుద్యోగం ఇంకా ఎక్కువగా ఉండగానే, ఉపాధి పనుల ఖర్చు కోసేశారు. పెన్షన్ల కోసం జీతాల మీద కొత్త పన్ను కూడా అదే ఏడాది మొదలైంది. అటు కేంద్ర బ్యాంకు, బ్యాంకులు డిపాజిట్లలో కొంత భాగాన్ని అప్పులివ్వకుండా పక్కన ఉంచాలనే నిల్వల నిబంధనను (మన సీఆర్‌ఆర్ లాంటిది) రెట్టింపు చేసింది. ఇన్నీ ఒకేసారి పడేసరికి పారిశ్రామిక ఉత్పత్తి ఏడాదిలో దాదాపు మూడో వంతు పడిపోయి, పనులు దొరికినవాళ్లు మళ్లీ రోడ్డున పడ్డారు. 1938లో ఖర్చు మళ్లీ మొదలుపెట్టాకే కోలుకోవడం కనిపించింది. మాంద్యాన్ని తీర్చింది రూజ్‌వెల్ట్ కాదు, రెండో ప్రపంచ యుద్ధం అంటారు కొందరు. మరి యుద్ధానికి పెట్టింది ఎవరి డబ్బు? ప్రభుత్వానిదే కదా!

మాంద్యం మాట వచ్చినప్పుడల్లా పత్రికల్లో 1929లో అమెరికా షేర్ మార్కెట్ కూలడం గురించే చదువుతున్నాం. దయచేసి మీ పత్రికలో 1937 గురించి కూడా వివరంగా ఒక వ్యాసం వేయండి.

- ఒక పాఠకుడు, గుంటూరు