రామ్‌దయాళ్ ముండా జయంతి సభ: సభ్యులకు మనవి

సభ్యులందరికీ నమస్కారం.

ఆగస్టు 23 సాయంత్రం 5 గంటలకు మన గ్రంథాలయం హాలులో రామ్‌దయాళ్ ముండా గారి జయంతి సభ జరుపుకుంటున్నాం.

1939లో నేటి జార్ఖండ్‌లో ముండా ఆదివాసీ కుటుంబంలో పుట్టిన ఆయన, అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయంలో పాఠాలు చెప్పి, తిరిగివచ్చి రాంచీ విశ్వవిద్యాలయంలో ఆదివాసీ, ప్రాంతీయ భాషల శాఖను నిలబెట్టారు. వైస్ చాన్సలర్ అయ్యాక కూడా నగారా మోగిస్తూ, వేణువు ఊదుతూ, విద్యార్థులతో చేయీ చేయీ కలిపి ఆడారు. అంతటి పదవిలో ఉండి అలా ఆడగలిగినవారు మనకు అరుదు. జార్ఖండ్ రాష్ట్ర ఉద్యమంలోనూ, ఆదివాసుల హక్కులపై ఐక్యరాజ్యసమితిలో జరిగిన చర్చల్లోనూ పాల్గొన్నారు. 2010లో పద్మశ్రీ అందుకున్నారు, రాజ్యసభకు నామినేట్ అయ్యారు. 2011 సెప్టెంబరు 30న కన్నుమూశారు.

ప్రతి ఒక్కరూ గోండు, కోయ, సవర లేదా మరే ఆదివాసీ పాటైనా ఒకటి, పాడినవారి పేరు, ఊరు తెలుసుకుని, వారి అనుమతితోనే తీసుకురావాలని కోరుతున్నాం. ఈ అనుమతి విషయంలో దయచేసి పట్టుదలగా ఉండండి.

వచ్చేవారు 20వ తేదీలోగా ఇక్కడే పేరు రాయండి. డోలు ఉన్నవారు తప్పక తెండి. ఆడటానికి వీలుగా కుర్చీలు గోడవారకు జరుపుతాం.