జంట గెలాక్సీల బరువు లెక్క

ఒరేయ్ శీనూ,

ఒకదాని చుట్టూ ఒకటి తిరిగే జంట గెలాక్సీల ద్రవ్యరాశి ఎలా కడతారని అడిగావు కదా. సూత్రం ఒక్క లైనేరా: వేగాల తేడా వర్గాన్ని ఎడంతో గుణించి, గురుత్వ స్థిరాంకంతో భాగించి, ఒక సగటు గుణకంతో హెచ్చవేయడమే. తంటా అంతా అందులో వేసే అంకెలతోనే.

మన చేతికి దొరికేవి రెండే: ఆకాశంలో వాటి మధ్య ఎడం, మన చూపు దిశలో వాటి వేగాల తేడా. ఒక చుట్టు పూర్తవడానికి వంద కోట్ల ఏళ్లు పడుతుంది కాబట్టి కక్ష్యను చూసే దారి లేదు.

ఒక లెక్క వేసి చూడు. జంట మన నుంచి సెకనుకు 5000 కి.మీ. వేగంతో దూరం జరుగుతోందనుకో. హబుల్ స్థిరాంకం (ఒక్కో మెగాపార్సెక్ దూరానికి పెరిగే వేగం) 70 కి.మీ. వేస్తే దూరం 71 మెగాపార్సెక్‌లు. ఒక మెగాపార్సెక్ అంటే దాదాపు 32.6 లక్షల కాంతి సంవత్సరాలు. అక్కడ ఒక ఆర్క్ నిమిషం (డిగ్రీలో అరవయ్యో వంతు) అంటే 20.8 కిలోపార్సెక్‌లు. కాబట్టి ఎడం 2.4 ఆర్క్ నిమిషాలుంటే 50 కిలోపార్సెక్‌లన్నమాట. వేగాల తేడా సెకనుకు 120 కి.మీ. అయితే దాని వర్గం 14,400. దాన్ని 50తో గుణించి 0.0000043తో (ఈ కొలతల్లో గురుత్వ స్థిరాంకం) భాగించు, 16,700 కోట్ల సూర్యుల బరువు వస్తుంది. దాన్ని 3.4తో హెచ్చవేస్తే దాదాపు 57,000 కోట్లు.

ఆ 3.4 దగ్గరే ఆగాలి. కక్ష్యలు గుండ్రంగా ఉండి, ఎటు పడితే అటు వాలి ఉన్నాయనుకుని తీసిన సగటది. కక్ష్య పళ్లెంలా మనకు ఎదురుగా పరుచుకుని ఉంటే వేగాల తేడా సున్నా, ద్రవ్యరాశీ సున్నా! అందుకే ఒక్క జంట లెక్కను ఎప్పుడూ నమ్మకు. ఖగోళ శాస్త్రవేత్త కరచెన్‌ట్సెవ్ 1972లో 603 జంటల పట్టిక వేసింది ఊరికే కాదు.

ఇక వేగం కొలవడం. గెలాక్సీ వెలుగును రంగులుగా విడదీస్తే అందులో హైడ్రోజన్ ఆల్ఫా గీత 6563 ఆంగ్‌స్ట్రామ్‌ల తరంగదైర్ఘ్యం దగ్గర ఉంటుంది; గెలాక్సీ వేగాన్ని బట్టి పక్కకు జరుగుతుంది. అక్కడ ఒక్క ఆంగ్‌స్ట్రామ్ తప్పితే వేగంలో సెకనుకు 46 కి.మీ. పోయినట్టే. స్లిట్ (వెలుగును లోపలికి వదిలే సన్నని చీలిక) గెలాక్సీ కేంద్రం మీంచి పక్కకు జరిగితే గెలాక్సీ సొంత తిరుగుడు కూడా వేగంలో కలిసిపోతుంది. ఒక్కోదానికి 30 కి.మీ. పొరపాటుంటే రెండింటి వర్గాలూ కలిపి 1800. దాన్ని ప్రతి జంట వేగవర్గంలోంచీ తీసెయ్యాలి. తేడా 40 మాత్రమే ఉన్న జంటకు 1600లోంచి 1800 పోతే మైనస్ 200 వస్తుంది. మైనస్ ద్రవ్యరాశేమిటని దాన్ని కొట్టేశావో, మిగిలినవాటి సగటు ఉన్నదానికంటే పైకి ఎగబాకుతుంది. చాలామంది బోల్తా పడేది ఇక్కడేరా.

దొంగ జంటలతో, అంటే దూరదూరంగా ఉండి మనకు పక్కపక్కనే కనిపించేవాటితో, ఇంకో చిక్కు. హైడ్రా మండలంలోని ఎన్‌జీసీ 3314 చూడు, ఒకదాని మీద ఒకటి పడ్డట్టే ఉంటాయి. కానీ ఒకటి 11.7 కోట్ల కాంతి సంవత్సరాల దూరంలో, రెండోది 14 కోట్ల దూరంలో ఉన్నాయి. మధ్యలో వంతెనో, సాగిన తోకో కనిపిస్తే మాత్రం నిజమైన జంటే. స్లోన్ సర్వే (లక్షల గెలాక్సీల వేగాలు కొలిచిన ఆకాశ సర్వే) డేటా వాడేటట్టయితే ఇంకోటి చూసుకో: అక్కడ ఒకే ప్లేటు మీద గెలాక్సీల వెలుగును పట్టే రెండు ఫైబర్లను 55 ఆర్క్ సెకన్లకన్నా దగ్గరగా పెట్టడం కుదరలేదు. దాంతో బాగా దగ్గరి జంటల్లో చాలావాటికి ఒకదాని రెడ్‌షిఫ్టే (వేగం చెప్పే, గీతల జరుగుడు) ఉంటుంది. రెండోదాన్ని వేరే చోట వెతుక్కోవాలి.

నీ పట్టిక పంపు, మైనస్‌లతో సహా.

నీ
రాజు