తిరుపతి జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

నమస్కారమండీ. నేను చంద్రగిరి దగ్గర ఒక హైస్కూల్లో సోషల్ టీచర్‌ని. 2021 నవంబరులో స్వర్ణముఖి ఎందుకంత పొంగిందో తేల్చమని తొమ్మిదో తరగతి పిల్లలకు పని ఇచ్చాను. నెట్‌లో ఊరికే వెతకమనలేదు. వర్షపాతం లెక్కలు, పాత ఉపగ్రహ చిత్రాలు ఎక్కడ దొరుకుతాయో ముందే చూపించి, ఒకరిని రైతులా, ఒకరిని ఇంజనీరులా ఆలోచించమన్నాను. 1995లో శాన్ డియాగో స్టేట్ యూనివర్సిటీలో బెర్నీ డాడ్జ్ రూపొందించిన వెబ్‌క్వెస్ట్ పద్ధతి ఇదే.

ఎప్పుడూ నోరు విప్పని ఒక అమ్మాయి తెర మీద వాగు దారిని వేలితో గీస్తూ, "అప్పట్లో ఇక్కడ ఇళ్లు లేవు కదా మేడమ్!" అంది. నాకు కళ్లు చెమర్చాయి. పనిచేసే కంప్యూటర్లు మూడే, చుట్టూ నలభై మంది.

దయచేసి వారానికి రెండు పీరియడ్లు మాకు ల్యాబ్ ఖాయం చేయించండి. సిలబస్ టెన్షన్ లేకుండా, ఈ పనిని ప్రాజెక్టు మార్కుల్లో లెక్కించనివ్వండి.

ఇట్లు,
ఒక సోషల్ టీచర్